క్యాంపర్ వ్యానులో మురుగు ట్యాంకుల సంగతి: శ్రీకాకుళం, విజయనగరం వైపు వెళ్ళేవాళ్ళకి

క్యాంపర్ వ్యాను కొనేవాళ్ళయినా అద్దెకి తీసుకునేవాళ్ళయినా ముందు అడిగేది ఏసీ గురించి, ఇన్వర్టర్ గురించి, ఎంతమందికి పడకలున్నాయన్న దాని గురించి. మురుగు ట్యాంకు ఎన్ని లీటర్లు, దాన్ని ఎక్కడ పారబోస్తారు అని అడిగేవాళ్ళు తక్కువ. రెండో రోజు సాయంత్రానికి బండిలో అందరి నోటా అదే మాట.

విదేశీ వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్ళకి ఇంకో చిక్కు. అక్కడ క్యాంపు మైదానాల్లో మురుగు వదలడానికి డంప్ స్టేషన్లు ఉంటాయి. బండి ఆపి, పైపు తగిలించి, వాల్వు లాగితే పని అయిపోతుంది. కళింగపట్నంలోనో, బారువలోనో, చింతపల్లి బీచ్‌లోనో అలాంటి ఏర్పాటు ఎదురుచూసి వెళ్ళకండి. అందుకని మన వైపు పని తిరగేసి మొదలుపెట్టాలి. ముందు ఎక్కడ ఖాళీ చేస్తారో తేల్చుకోండి. ఎన్ని నీళ్ళు నింపుకోవాలి, ఎన్ని రాత్రులు ఉండాలి అన్నవి ఆ తర్వాత.

బండి కిందకి ఒకసారి వంగి చూడండి

బండిలో మూడు ట్యాంకులు ఉంటాయి. మంచినీళ్ళది ఒకటి. సింకు, స్నానం నీళ్ళు చేరేది గ్రే ట్యాంకు. లెట్రిన్‌ది బ్లాక్ ట్యాంకు. చిన్న బండ్లలో బ్లాక్ ట్యాంకు బదులు క్యాసెట్ ఉంటుంది. అది కమోడ్ కింద పెట్టెలా అమరి, బయటి తలుపులోంచి సూట్‌కేసులా లాగేది. ఇంచుమించు 17 నుంచి 20 లీటర్లు పడుతుంది. మీ బండిలో ఏది ఉందో, వాల్వులు ఏ పక్కన ఉన్నాయో, ఏ పిడి ఏ ట్యాంకుదో తెలుసుకుని పెయింటుతో గుర్తు పెట్టుకోండి. చీకట్లో ఒకటి లాగబోయి ఇంకోటి లాగితే బాధపడేది మీ చెప్పులు.

ట్యాంకులు కొత్తగా ఉన్నప్పుడే, అంటే ఇంకా మురుగు ఎరగనప్పుడే, బకెట్ లెక్కన మంచినీళ్ళు పోసి కొలవండి. అమ్మినవాళ్ళు 80 లీటర్లని చెప్పిన ట్యాంకు 65కే పొంగొచ్చు. పైపు పెట్టిన ఎత్తుని బట్టి అది మారుతుంది. సగానికి ఎన్ని బకెట్లు, ముప్పావుకి ఎన్ని అని రాసి తలుపు లోపలివైపు అంటించండి. బ్లాక్ ట్యాంకు ఎంత నిండిందో చూపించే సెన్సారు నాలుగు ప్రయాణాలు కాగానే పూత పట్టి అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది, అప్పుడు పనికొచ్చేది ఈ కాగితమే. నీళ్ళు నిండుగా ఉండగానే గేట్ వాల్వు దగ్గర, క్లాంపుల దగ్గర పాత న్యూస్‌పేపరు ముక్క పెట్టి ఒక రాత్రి వదిలేయండి. కాగితం తడిస్తే అక్కడ వాషర్ మార్చాలి.

ఖాళీ చేసే చోటు

అసలు పని ఇక్కడే ఉంది. మన వైపు దొరికే దారులు నాలుగు.

మీ ఇల్లో, చుట్టాలిల్లో దగ్గర్లో ఉండి, దానికి గట్టి సెప్టిక్ ట్యాంకు ఉంటే అంతకన్నా మంచిది లేదు. శ్రీకాకుళం, విజయనగరం, టెక్కలి, పలాస లాంటి ఊళ్ళలో బంధువులు లేనివాళ్ళు ఎంతమంది ఉంటారు! వెళ్ళే ముందు ఫోను చేసి "బావా, మీ సెప్టిక్ ట్యాంకు తోడించి ఎన్నాళ్ళయింది?" అని అడగడానికి మొహమాటపడకండి. నిండిపోయి ఉన్న ట్యాంకులో మీరు ఇంకో 60 లీటర్లు ఒక్కసారి పోస్తే వాళ్ళ బాత్రూంలోకి వెనక్కి తంతుంది.

రెండోది, హైవే పక్క లాడ్జీలు, కల్యాణమండపాలు. పెళ్ళికి వందలమంది వచ్చేచోట కాబట్టి కల్యాణమండపం ట్యాంకు పెద్దదే ఉంటుంది, ముహూర్తాలు లేని రోజుల్లో వాచ్‌మన్ తప్ప ఎవరూ ఉండరు. అడిగే తీరు ముఖ్యం. "డంపింగ్" అని మొదలుపెడితే చెత్త లారీ అనుకుంటారు. ఉన్నదున్నట్టు చెప్పండి: "అన్నా, మా బండిలో లెట్రిన్ ట్యాంకు ఉంది. మూడు బకెట్ల మురుగు. మందులేవీ కలపలేదు. మీ సెప్టిక్ ట్యాంకుకి ముందుండే చాంబరులో వదిలి, నీళ్ళు కొట్టి కడిగేసి వెళ్తాం." ఎక్కువ మంది అడిగేది ఒకటే: "వాసనొస్తే మావోళ్ళు గొడవ పెడతారు బాబూ, తెల్లారగట్ల రాగలరా?" వెళ్ళండి. డబ్బులు ముందే మాట్లాడుకోండి, కడిగే మనిషికి విడిగా ఇవ్వండి.

మూడోది, సెప్టిక్ ట్యాంకు లారీ. వాళ్ళ పైపు మీ బ్లాక్ ట్యాంకు మూతికి తగిలితే నేరుగా లాగేస్తుంది. చిన్న ట్యాంకు కోసం లారీని పిలిపించడం ఖర్చే గానీ, వారం రోజులు తిరిగేవాళ్ళకి గిట్టుబాటవుతుంది. అయితే ఎక్కడ పారబోస్తారని అడగండి. "ఊరి బయట గెడ్డలో" (అంటే వాగులో) అని చెప్తే ఆ లారీ వద్దు. మీరు ఇంత జాగ్రత్తపడి చివరికి గెడ్డలో కలిపించడానికి డబ్బులిచ్చినట్టవుతుంది.

నాలుగోది క్యాసెట్ ఉన్నవాళ్ళకి మాత్రమే. ఏ మామూలు కమోడ్‌లోనైనా నెమ్మదిగా ఒంపి రెండు బకెట్లు నీళ్ళు కొట్టొచ్చు. పెట్రోలు బంకులో అయితే అడిగి, కడిగి, రావాలి. మన రోడ్లకి, మన ఊళ్ళకి నా ఓటు క్యాసెట్‌కే. పెద్ద ట్యాంకు సౌకర్యంగా కనిపిస్తుంది గానీ, దాన్ని ఖాళీ చేయడానికి బండినే చాంబరు దాకా తీసుకెళ్ళాలి. క్యాసెట్‌ని చేత్తో పట్టుకెళ్ళొచ్చు. సందుల్లో అది పెద్ద తేడా.

పల్లెల్లో చాలా ఇళ్ళ మరుగుదొడ్లకి ఉండేది సెప్టిక్ ట్యాంకు కాదు, సిమెంటు వరలు దింపిన గుంత. అడుగు ఉండదు, నీళ్ళు మట్టిలోకి ఇంకిపోతాయి. అది ఒక కుటుంబం వాడకానికి తవ్విన గుంత. మీ 60 లీటర్లు దాన్లో పోస్తే పొంగుతుంది, లేకపోతే నేలలోకి దిగుతుంది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు తీరమంతా ఇసుక నేల, నీళ్ళు పైపైనే ఉంటాయి, బోరు గుంతకి ఎంతో దూరంలో ఉండదు. పైగా అది ఉద్దానం. కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా సతమతమవుతున్న ప్రాంతం, హిరమండలం నుంచి పైపులేసి తాగునీళ్ళు తెచ్చుకున్న ఊళ్ళు. అక్కడివాళ్ళు మర్యాద కొద్దీ "పర్లేదు, మా దాంట్లో పొయ్యండి" అన్నా మీరే వద్దనాలి.

కాలవ, చెరువు, ఉప్పుటేరు, బీల (చిత్తడి నేల), సముద్రం: వీటిలో వేటిలోనూ బ్లాక్ ట్యాంకు వాల్వు తెరవకూడదని వేరే చెప్పాలా? చెప్పాలనే అనిపిస్తోంది, ఎందుకంటే "సముద్రానికి ఓ బకెట్ ఏం లెక్క" అనేవాళ్ళున్నారు. కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసేచోట జాలర్లు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వలలేస్తారు. తాటిపూడి గట్టు దగ్గర ఆగేవాళ్ళు గోస్తని మీది ఆ జలాశయం నీళ్ళు విశాఖపట్నం తాగుతుందని గుర్తుంచుకోండి. అక్కడ గ్రే నీళ్ళు కూడా నేలమీద వదలొద్దు.

నీళ్ళ లెక్క

ఇప్పుడు వెనక్కి లెక్క వేయండి. విదేశీ పద్ధతిలో టాయిలెట్ పేపరు గొడవ ఎక్కువ, అది కరగక ట్యాంకు పూడిపోతుందని. మనకి ఆ బాధ లేదు, మనం కడుక్కుంటాం. దాంతో మలం పలచబడి తేలిగ్గా పోతుంది, అది మేలే. కానీ ట్యాంకు బేగి నిండుతుంది. జెట్ స్ప్రేలో నిమిషానికి ఐదారు లీటర్లు ఇట్టే పోతాయి. దాన్ని విప్పేసి చెంబు పెట్టండి. చెంబుతో జాగ్రత్తగా వాడితే మనిషికి రోజుకి ఐదారు లీటర్లు పడుతుంది. నలుగురున్న కుటుంబం, 60 లీటర్ల ట్యాంకు అంటే రెండు రాత్రులు, మూడో రోజు పొద్దున్నే ఖాళీ చేయాలి. 20 లీటర్ల క్యాసెట్ అయితే రోజూ.

స్నానం సంగతి వేరు. మనిషికి ఒక బకెట్ అనుకున్నా నలుగురికి గ్రే ట్యాంకు ఒక్క పూటలో నిండుతుంది. కాబట్టి బండిలో స్నానాలు వద్దు, ఒళ్ళు తుడుచుకోవడం, మొహం కడుక్కోవడం వరకే. స్నానానికి ఊళ్ళో బోరు దగ్గర తోట యజమానిని అడగొచ్చు, లేదా లాడ్జీలో ఒక గది రెండు గంటలకి తీసుకుంటే స్నానాలూ అవుతాయి, క్యాసెట్టూ ఖాళీ అవుతుంది. అరసవల్లి దర్శనానికో శ్రీకూర్మానికో పొద్దున్నే వెళ్ళేవాళ్ళకి ఇది చక్కగా కుదురుతుంది.

బరువు కూడా చూసుకోండి. లీటరు నీళ్ళు కిలో. మంచినీళ్ళు 100, గ్రే 60, బ్లాక్ 60 అన్నీ నిండి ఉంటే ముగ్గురు పెద్దమనుషులు అదనంగా ఎక్కినట్టు. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేవాళ్ళు మురుగు ట్యాంకులు ఖాళీ చేసుకునే ఎక్కండి. వాలులో సెన్సారు ఎటూ సరిగ్గా చూపించదు, వంపుల్లో సగం నిండిన ట్యాంకు అటూ ఇటూ కొట్టుకుని కమోడ్‌లోకి ఎగదన్నే ప్రమాదం ఉంది.

బయల్దేరే ముందు బ్లాక్ ట్యాంకులో

ఖాళీ ట్యాంకులో ఐదారు లీటర్ల నీళ్ళు పోసి మొదలుపెట్టండి. అడుగున తడి లేకపోతే మొదట పడ్డది అతుక్కుపోతుంది, మన ఎండకి అది అట్టు కడుతుంది. దాంతోపాటు ఎంజైమ్ ద్రవమో, సెప్టిక్ ట్యాంకులకి అమ్మే బ్యాక్టీరియా పొడో కలపండి.

ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ వద్దు. మురుగుని జీర్ణం చేసే బ్యాక్టీరియాని అవి చంపేస్తాయి, మీ ట్యాంకులోనూ, మీకు చోటిచ్చినవాళ్ళ సెప్టిక్ ట్యాంకులోనూ. "మందులేవీ కలపలేదు" అని వాళ్ళకి చెప్పే మాట నిజం కావాలంటే ఇది పాటించాలి. బ్లీచింగూ యాసిడ్ బాత్రూం క్లీనరూ ఒకేచోట కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అంత ఇరుకు గదిలో అది ప్రాణం మీదకి తెస్తుంది. ట్యాంకులో పోసే విదేశీ నీలం ద్రవాల్లో కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అదీ ఆ బ్యాక్టీరియాని చంపేదే, సీసా వెనక చదివి కొనండి.

బ్లాక్ వాల్వు ఎప్పుడూ మూసే ఉండాలి. ఇంట్లో నిలిపి, పైపు సెప్టిక్‌కి తగిలించి వాడుతున్నా సరే. తెరిచి వదిలేస్తే నీళ్ళు జారిపోతాయి, గట్టిది మూతి కిందే కుప్పపడి గట్టిపడుతుంది. ముప్పావు నిండాక ఒక్కసారి తెరిస్తేనే ఆ వేగానికి అన్నీ కలిసి పోతాయి.

రోజూ వంట దగ్గర

గ్రే ట్యాంకు కంపు కొట్టేది సబ్బు వల్ల కాదు, అన్నం వల్ల, నూనె వల్ల. బియ్యం కడుగు, గంజి ట్యాంకులో పోస్తే మర్నాటికి పులుస్తుంది. దాన్ని సింకులో వంచకండి, ఒక గిన్నెలో పట్టండి. పక్కన పశువులున్న ఇల్లుంటే కుడితిలో కలుపుకుంటారు, అడిగి చూడండి, కాదనరు.

చేపలు తీరంలో కొంటే అక్కడే శుభ్రం చేయించుకోండి. పొలుసు, రక్తం బండి సింకులోకి రానివ్వొద్దు. పులుసు గిన్నెని కడిగే ముందు కాగితంతోనో అన్నం ముద్దతోనో తుడిచేయండి. తినడానికి అడ్డాకు విస్తళ్ళు తెచ్చుకుంటే గిన్నెలు సగం తగ్గుతాయి. పార్వతీపురం, సీతంపేట వైపు సంతల్లో దొరుకుతాయి. సింకు రంధ్రం మీద టీ జల్లెడలాంటి సన్నటి స్టీలు జాలీ పెట్టండి. సముద్రంలో ఆడి వచ్చినవాళ్ళని కాళ్ళు కడగకుండా ఎక్కనివ్వొద్దు. ఇసుక ట్యాంకు అడుక్కి చేరితే ఇక కదలదు, గేట్ వాల్వు గాడిలో పడి మూసుకోనివ్వదు.

గ్రే నీళ్ళని కొబ్బరి, అరటి మొదళ్ళకి వదలొచ్చా? తోట మీదైతే లేదా యజమాని ఒప్పుకుంటే వదలొచ్చు. షరతులున్నాయి: ఏ రోజువి ఆ రోజే పోయాలి, ఒక రోజు దాటితే అవీ మురుగే. బావికి, బోరుకి దూరంగా. ఒకేచోట కాకుండా నాలుగు చెట్ల మొదళ్ళకి పంచాలి. నూనె, బ్లీచింగ్ కలిసినవి పనికిరావు. బీచ్‌లో ఇసుక మీద మాత్రం వద్దు. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరమంతా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మిగతా నెలల్లో ఆ ఇసుక మీద వలలు ఆరేసుకునేవాళ్ళున్నారు.

ఖాళీ చేసే రోజు

ట్యాంకు ముప్పావు నిండాక చేయండి. మరీ తక్కువుంటే వేగం చాలదు, పూర్తిగా నిండితే జాయింటు దగ్గర చిమ్ముతుంది.

మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవుజులు, మాస్కు, మూసి ఉండే బూట్లు వేసుకోండి. పైపుకి ప్రత్యేకమైనది దొరక్కపోతే పొలం మోటార్లకి వాడే పచ్చ సక్షన్ పైపు చాలు. మీ వాల్వు మూతి సైజుదే, మూడు మీటర్లకి మించకుండా కొనండి, రెండు స్టీలు క్లాంపులతో. పొడుగ్గా ఉంటే మధ్యలో వంగి అక్కడ నిలుస్తుంది.

వదలాల్సింది ఇంటికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్యనుండే చాంబరులో. సెప్టిక్ ట్యాంకు పెద్ద మూత ఎత్తకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ వాయువులు ఉంటాయి, తొంగి చూసినా కళ్ళు తిరిగి పడిపోవచ్చు, అగ్గిపుల్ల గీస్తే అంటుకోవచ్చు. పిల్లల్ని దూరంగా పంపించండి, సిగరెట్ వెలిగించినవాళ్ళని ఇంకా దూరంగా.

పైపు రెండో కొసని చాంబరులోకి ఒక అడుగు దింపి, మీద ఇటుక పెట్టండి. ఇది మరిచిపోతే వాల్వు తెరిచిన క్షణంలో పైపు పాములా లేచి ఎదురుగా ఉన్నవాళ్ళ మీద తిరగబడుతుంది. బండివైపు మూత విప్పేటప్పుడు కింద ఒక బేసిన్ పెట్టండి. వాల్వు మూసి ఉన్నా గాడిలో నిలిచిన చెంబుడు నీళ్ళు ఎలాగూ కారతాయి.

ముందు బ్లాక్. వాల్వు కాస్త తెరిచి క్లాంపులు చూడండి, కారకపోతే పూర్తిగా లాగండి. మొదట గడగడమని శబ్దం, తర్వాత జోరు తగ్గి, చివర్లో బొట్లు. చాంబరు నిండుకొస్తుంటే ఆపి, దిగాక మళ్ళీ తెరవండి. మూసేసి, కమోడ్‌లోంచి ఒక బకెట్ నీళ్ళు పోసి ఇంకోసారి వదలండి. అప్పుడు గ్రే వాల్వు. సబ్బు నీళ్ళు పైపుని కడిగేస్తాయి, అందుకే ఈ వరస. చివరగా మంచినీళ్ళతో పైపు, చాంబరు చుట్టూ నేల కడగండి. మంచినీళ్ళ పైపు, ఈ పైపు ఒకే సంచిలో ఎప్పుడూ పెట్టొద్దు. గ్లవుజులు తీశాక కూడా సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, వానలకి నేల నానిపోయి ఉన్నప్పుడు, తీరపు ఊళ్ళలో సెప్టిక్ ట్యాంకులు నిండుగా ఉంటాయి. అప్పుడు వెళ్తే ఖాళీ చేయడానికి రెండు చోట్లు మాట్లాడి పెట్టుకోండి.

పూడిపోతే, కంపు కొడితే

వాల్వు తెరిచినా రాకపోతే కర్రతో, ఇనుప చువ్వతో పొడవొద్దు, సీలు చిరుగుతుంది. వాల్వు మూసి, ట్యాంకులో సగానికి గోరువెచ్చటి నీళ్ళు పోసి, ఎంజైమ్ వేసి ఒక రాత్రి ఉంచండి. మర్నాడు గతుకుల రోడ్డు మీద ఓ పాతిక కిలోమీటర్లు తిప్పండి. గతుకుల రోడ్డు వెతుక్కోవాల్సిన పని మనకి లేదు. చాలావరకు కరిగి వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే సెప్టిక్ ట్యాంకు లారీ. డబ్బులిచ్చి ఎవరి చేతా చెయ్యి పెట్టించడం గానీ మనిషిని దింపడం గానీ చేయొద్దు. సెప్టిక్ ట్యాంకుల్లో అలా మనుషులచేత పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

కంపు అనగానే అందరూ బ్లాక్ ట్యాంకునే అనుమానిస్తారు. ముందు సింకు కింద వంపు పైపు చూడండి. అందులో నిలిచే నీళ్ళే వాయువుని ఆపుతాయి. నాలుగు రోజులు వాడకపోతే ఎండకి ఆవిరైపోతాయి. ప్రతి రంధ్రంలో చెంబుడు నీళ్ళు పోస్తే అక్కడికి సరి. ఆ తర్వాత బండి పైకప్పు మీదున్న గాలి గొట్టం. కందిరీగ గూడు కట్టినా, ఎండుటాకు పడినా మూసుకుపోతుంది. క్యాసెట్ మూత దగ్గర రబ్బరు సీలు ఎండితే సిలికాన్ గ్రీజు రాయండి. చేతికి అందింది కదా అని కొబ్బరినూనె, వాజెలిన్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

ఇంటికొచ్చాక

రెండు ట్యాంకులూ కడిగి, వాల్వులు తెరిచి, కింద బేసిన్ పెట్టి ఒక పూట ఆరనివ్వండి. తర్వాత మూసేయండి. గ్రే ట్యాంకులో నాలుగు లీటర్లు మిగిలి నెలరోజులు నిలబడితే దోమలు పెరుగుతాయి. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమకి కావాల్సింది అలాంటి మురికి నీళ్ళే. ఈ రెండు జిల్లాలకి బోదకాలు కొత్త కాదు. గాలి గొట్టం మూతికి నైలాను దోమతెర ముక్క రెండు మడతలు వేసి క్లాంపుతో బిగించండి. మూడు నెలలకోసారి మార్చండి, ఎండకి పిండిలా రాలిపోతుంది.